ఎడ్వర్డ్ యాంగిల్, మా పాప నాలుగు పళ్ళు

అడిగిన ప్రశ్న ఇది: "ఆర్థోడాంటిక్స్ పితామహుడు అంటారే, ఆ ఎడ్వర్డ్ యాంగిల్ ఎవరు? ఆయన పళ్ళు పీకకుండానే వంకరలు సరిచేసేవాడట, నిజమేనా? మా అబ్బాయికి క్లిప్పులు వేయడానికి ముందు నాలుగు పళ్ళు పీకాలంటున్నారు."

నేను డెంటిస్టుని కాను. ఒంగోలు వైపు పొదిలిలో మోటారు వైండింగ్ షాపు నాది. అయినా ఈ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. సరిగ్గా ఇదే మాట మీద 2016లో ఒంగోల్లో ఒక డాక్టరుగారితో అరగంట వాదించాను. బయట జనం వెయిటింగ్‌లో ఉన్నారు, పక్కన మా ఆవిడ నా చొక్కా పట్టుకుని లాగుతోంది. ముందే చెప్పేస్తున్నా, పీకించొద్దు. ఎందుకో వస్తాను.

మా పాప అప్పుడు ఎనిమిదో తరగతి. ఎత్తుపళ్ళు, అచ్చం మా అమ్మ పోలిక. పైన కోరపళ్ళు రెండూ వరస తప్పి చిగురు మీదకి ఎక్కి ఉండేవి. స్కూల్లో ఎవరో ఏదో అన్నారు, అప్పట్నుంచి నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఫొటో అంటే మూతి బిగించేది. ఇంకోపక్క మా అక్క ఒకటే పోరు: "ఇప్పుడే చూపించరా తమ్ముడూ, రేపు సంబంధాలొచ్చినప్పుడు ఏడుస్తావు." ఎనిమిదో తరగతి పిల్లకి సంబంధాల గొడవేమిటో ఇప్పటికీ నాకర్థం కాదు. మన దగ్గర మగపిల్లాడికి ఎత్తుపళ్ళుంటే ఒక్కడూ అడగడు, ఎన్నెకరాలుందని అడుగుతారు. ఆడపిల్లకైతే పంటి దగ్గర్నుంచి లెక్కే.

సరే, ఒంగోలు వెళ్ళాం. డాక్టరుగారు పాపని పళ్ళు కరిపించి, చిన్న అద్దంతో బుగ్గ పక్కకి లాగి చూసి, "క్లాస్ వన్" అన్నాడు అసిస్టెంటుతో. నేను ఫస్ట్ క్లాసేమోనని లోపల సంబరపడ్డాను. తర్వాత తెలిసింది, అది మార్కుల లెక్క కాదు, యాంగిల్ లెక్క. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక కొత్తగా ఒక దవడపన్ను వస్తుంది కదా. పైదాని ముందు మొన కిందిదాని బయటవైపు గాడిలో సరిగ్గా కూర్చుంటే క్లాస్ వన్, కిందిది అంతకంటే వెనక్కి ఉంటే టూ, ముందుకొస్తే త్రీ. 1899లో చెప్పాడాయన ఈ మాట. నోటినిండా పళ్ళుంటే ఒక్క పన్ను పట్టుకుని మొత్తం కొలవడం చూడండి. గోడ కట్టేవాడు మూలరాయి పెట్టి దారం లాగినట్టు. నూట పాతికేళ్ళు దాటినా ఎక్స్‌రేల కంటే ముందు అందరూ బుగ్గ లాగి చూసేది అక్కడే.

మా పాపకి దవడలు బాగానే ఉన్నాయి, ముందు పళ్ళే చోటు చాలక ఇరుక్కున్నాయి అన్నాడు. మేం హమ్మయ్య అనుకునే లోపలే, "నాలుగు పళ్ళు తీసేద్దాం, పైన రెండు, కింద రెండు" అన్నాడు. కోరపళ్ళ వెనకవి. పుచ్చు లేదు, నొప్పి లేదు, గట్టిగా ఉన్నాయి. మా ఆవిడ మొహం పాలిపోయింది. మన సామెత ఉందిగా, పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అని. ఇక్కడ ఆ రాయికి 32,000 రూపాయలు, నెలనెలా వాయిదాలు.

ఆ రాత్రి ఫోన్లో వెతుకుతుంటే తగిలినవాడు యాంగిల్.

అమెరికాలో పెన్సిల్వేనియా ఆయనది, పల్లెటూరు. 1855లో పుట్టాడు, ఏడుగురు పిల్లల్లో ఐదోవాడు. 1878కి డెంటల్ కాలేజీ చదువు అయిపోయింది. ఆరోగ్యం బాగోక పళ్ళ పని పక్కన పెట్టి, 1880ల మొదట్లో మోంటానా వెళ్ళి గొర్రెలు పెంచుదామనుకున్నాడు. ఒక్క చలికాలం మంచుకి మంద మొత్తం పోయింది. మన నెల్లూరు గొర్రెని మే నెల ఎండలో ఎంత దూరం తోలినా నడుస్తుంది గానీ ఆ మంచులో అదీ నిలవదు. ఆ గొర్రెలు బతికి ఉంటే ఈయన హాయిగా ఉన్ని అమ్ముకునేవాడు, మా పాపకి క్లిప్పులు ఇంకెవరి లెక్కన వేసేవారో. చచ్చినట్టు మళ్ళీ పళ్ళ దగ్గరికే వచ్చాడు. మిన్నెసోటాలో ప్రొఫెసరయ్యాడు. 1892లో ఆ ఉద్యోగం వదిలేసి, పుచ్చుపళ్ళు, కట్టుడుపళ్ళు అన్నీ మానేసి, వంకర పళ్ళు సరిచేయడం ఒక్కటే పనిగా పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో అది ఒక వృత్తి అని ఎవరూ అనుకోలేదు. 1900లో సెయింట్ లూయీలో దానికోసమే స్కూలు పెట్టాడు, 1901లో సంఘం పెట్టి దానికి తనే మొదటి అధ్యక్షుడు. మనిషి మొండి. మామూలు డెంటల్ కాలేజీల్లో ఈ విద్యని సరిగ్గా నేర్పరని ఆయన గట్టి నమ్మకం. తను తయారుచేసిన సామానుకి తనే పేటెంట్లు తీసుకున్నాడు. భార్య ఆనా ఆయన పనుల్లో సగం మోసింది, శిష్యులు ఆవిడని మదర్ యాంగిల్ అనేవాళ్ళు. ఇలాంటి మొండివాళ్ళ ఇళ్ళల్లో సగం బరువు మోసే ఆడమనిషి ఒకరుంటారు, మా షాపు లెక్కలు రాసేది కూడా మా ఆవిడే.

నాకు కావలసిన సంగతి అసలు ఇది. యాంగిల్ పళ్ళు పీకనిచ్చేవాడు కాదు. అన్ని పళ్ళూ ఉండాలి, అన్నీ సరిగ్గా కలిసి కూర్చోవాలి, అప్పుడు ఎముక వాటి చుట్టూ దానంతటది సర్దుకుంటుంది, ముఖం కూడా దానికి తగ్గట్టు కుదురుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. 1911లో కాల్విన్ కేస్ అనే ఇంకో పెద్దాయన, కొందరికి పీకక తప్పదని పేపరు చదివితే, యాంగిల్ వర్గం వాళ్ళు ఆయన మీద విరుచుకుపడ్డారు. ఇదంతా చదివేసరికి నాకు పూనకం వచ్చింది. మర్నాడు షాపులో వచ్చినవాళ్ళందరికీ యాంగిల్ గురించి చెప్పాను. పాపం, స్టార్టరు రిపేరుకి వచ్చిన ఒక రైతు కూడా విన్నాడు.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరుగారి ముందు ఇదంతా పెట్టాను. ఆయన నవ్వాడు. "యాంగిల్ దాకా వెళ్ళారా? మరి ట్వీడ్ గురించి చదవలేదా?" అన్నాడు. చార్లెస్ ట్వీడ్ యాంగిల్ శిష్యుడేనట. గురువు చెప్పినట్టే పీకకుండా కొన్నేళ్ళు చేశాడు. తీరా చూస్తే చాలామందికి పళ్ళు మళ్ళీ వంకరపోయాయి, మూతులు ముందుకొచ్చాయి. అప్పటికి గురువు లేడు, 1930లో పోయాడు. ట్వీడ్ తన పేషెంట్లకే నాలుగేసి పళ్ళు తీసి మళ్ళీ మొదట్నుంచి చేశాడు. 1940లో అలాంటి వంద కేసులు అందరి ముందూ పెట్టేసరికి లోకం అటు తిరిగింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చి యాంగిల్ దగ్గర చదువుకుని వెళ్ళిన రేమండ్ బెగ్ కూడా ఆఖరికి పీకుడు దారే పట్టాడట. సొంత శిష్యులే!

ఒక్క నిమిషం నాకు మాట రాలేదు. తర్వాత ఫోన్లో చూసిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. అందమైన ముఖం అంటే ఏది అన్నదానికి యాంగిల్ పెట్టుకున్న కొలబద్ద అపోలో విగ్రహం. వాటికన్‌లో ఉండే పాలరాతి గ్రీకు దేవుడు. ముఖాల అందం తేల్చుకోవడానికి వుర్‌పెల్ అనే చిత్రకారుడితో చర్చలు కూడా పెట్టుకునేవాడు. ఇప్పుడు మీరే చెప్పండి, గ్రీకు దేవుడి మూతికీ మన కనిగిరి, పొదిలి మూతులకీ ఏం సంబంధం? మన పెదాలు కొంచెం నిండుగా ఉంటాయి, పళ్ళు కొంచెం ముందుకుంటాయి. అది జబ్బా? అదే అడిగాను. "సార్, మా పాపకి అపోలో మొహం అక్కర్లేదు. మా అమ్మ మొహం ఉంటే చాలు. చెయ్యి అడ్డం పెట్టకుండా నవ్వితే చాలు."

అపోలో మొహం కోసం తపించిన మనిషి పద్ధతిలో మన మూతి మనకి మిగలడం, ఆయన్ని కాదని పళ్ళు పీకేవాళ్ళ పద్ధతిలో మూతి లోపలికి పోవడం. ఈ తమాషా ఆ పూట నాకు తట్టలేదు, తట్టి ఉంటే అదీ అనేవాణ్ణి.

డాక్టరుగారు మంచివాడు. కాసేపు ఎక్స్‌రే చూసి, మా పాపది అటూ ఇటూ కాని కేసు, పీకకుండా ప్రయత్నించొచ్చు, తర్వాత మూతి ఎత్తుగా ఉందని నన్ననకండి అన్నాడు. ఫైల్లో అదే రాసి నాచేత సంతకం పెట్టించుకున్నాడు. ఆరోజు గెలిచిన ఆనందంలో ముగ్గురం బిరియాని తిని ఇంటికొచ్చాం.

అసలు కష్టం తర్వాత మొదలైంది. క్లిప్పులు ఊడిపోయేవి. నెలకొకసారి బిగించుకురావడానికి వెళ్ళాలి, ప్రతిసారీ ఒకటో రెండో ఊడి ఉండేవి. శనక్కాయ ఉండలు, జంతికలు, చెరకు ఇంట్లోకి రానివ్వడం మానేశాం. జామకాయ కూడా సన్నగా కోసి ఇచ్చేది మా ఆవిడ.

ఒక శనివారం నాకింకా గుర్తు. అంతకు పది రోజుల ముందే కొత్తగా అతికించారు. పొదిలిలో బస్సెక్కాం, కిటికీ పక్కన పాప. చీమకుర్తి దగ్గర ముందు గ్రానైట్ లారీ ఉంది, ఇల్లంత రాయి ఎక్కించుకుని నత్తలా పోతోంది. ఆ రోడ్డు గురించి మొదలెడితే వేరే జవాబు రాయాలి, వదిలేద్దాం. పాప నా మోచెయ్యి గీకింది. నోరు తెరిచి చూపించింది. ఎడమవైపు కోరపన్ను వెనక క్లిప్పు పంటిని వదిలేసి, తీగ మీద ఉండిపోయింది. నాలుకతో నెడుతుంటే అటూ ఇటూ జారుతోంది, దండలో పూసలాగా.

"ఏం తిన్నావ్?"

"ఏం తిన్లా నాన్నా."

"ఊరికే ఎట్టా ఊడుద్ది? స్కూల్లో కొనుక్కు తిన్నావా?"

"ఒట్టు నాన్నా. పొద్దున ఇడ్లీనే."

నేను నమ్మలేదు. బస్సంతా వినేలా అరిచాను. వాయిదాల లెక్క చెప్పాను, షాపు మూసుకుని వచ్చిన సంగతి చెప్పాను. వెనక సీట్లో పెద్దావిడ "పసిది కదయ్యా" అంటే ఆవిడ మీద కూడా విసుక్కున్నాను. ఒంగోలు వచ్చేదాకా పాప కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నోరు మూసుకునే ఉంది గానీ, లోపల ఆ క్లిప్పుని నాలుకతో జరుపుతున్నట్టు బుగ్గ కదులుతూనే ఉంది.

డాక్టరుగారు కూడా ముందు ఆమెనే కోప్పడ్డాడు. తర్వాత గాలి గొట్టంతో ఆ పన్ను బాగా ఆరబెట్టాడు. లైటు దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాడు. నన్నూ పిలిచి చూపించాడు. తడిగా ఉన్నప్పుడు మామూలుగా కనిపించిన పన్ను ఆరేసరికి సుద్దముక్కలా తెల్లబోయింది. మధ్యలో లేత గోధుమరంగు చార. "మీరు తాగేది బోరు నీళ్ళేనా?" అన్నాడు. ఈమధ్య క్యాన్లు కొంటున్నాం, పాప చిన్నప్పుడు మాత్రం ఊళ్ళో బోరే అన్నాను. "అందుకే. ఇది పాప తప్పు కాదు, నీళ్ళ తప్పు" అన్నాడు.

పంటి పైపొరని ఎనామిల్ అంటారు, దాని మీద ముందు కాస్త యాసిడ్ పూసి అర నిమిషం ఉంచుతారట. దాంతో కంటికి కనపడని గుంటలు పడతాయి, జిగురు వాటిలోకి దిగి పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువైన పంటికి ఆ పైపొర యాసిడ్‌కి లొంగదు, గుంటలు సరిగా పడవు. ఇది నాకు ఇట్టే అర్థమైంది. ఎనామిల్ వైరు గీకకుండా సోల్డరింగ్ పెడితే పైకి పట్టినట్టే ఉంటుంది, కాస్త లాగితే ఊడొస్తుంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. ఎనామిల్ సంగతి నాకు తెలీదా? తెలిసి కూడా బస్సులో పిల్లని తిట్టాను.

మా ఇళ్ళల్లో సగం మందికి గారపళ్ళే. తోముకోక అనుకునేవాళ్ళం, వేపపుల్ల వేసి రక్తం వచ్చేదాకా తోమేవాళ్ళం. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడ్డ మరక అది, మహా అయితే ఎనిమిదేళ్ళ లోపల తాగిన నీళ్ళ వల్ల. తర్వాత ఎంత తోమితే ఏం లాభం? ఇదేమీ కొత్త సంగతి కూడా కాదు. 1937లోనే షార్ట్ అనే డాక్టరూ, ఆయనతో పాటు మరికొందరూ, నెల్లూరు జిల్లాలో నీళ్ళ ఫ్లోరైడ్ వల్ల పళ్ళు, ఎముకలు పాడవుతున్నాయని ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పట్లో నెల్లూరు జిల్లానే, 1970లో కదా ఒంగోలు జిల్లాలోకి వచ్చింది. అమెరికాలో మెకే అనే డెంటిస్టు 1901లో కొలరాడో వెళ్ళి, అక్కడి పిల్లల గోధుమరంగు పళ్ళు చూసి, కారణం నీళ్ళలోనే ఉందని ముప్పై ఏళ్ళు వెంటపడ్డాడు. 1931లో చర్చిల్ అనే అల్యూమినియం కంపెనీ కెమిస్టు అది ఫ్లోరైడ్ అని తేల్చాడు. ఇంకో ఆరేళ్ళకే మన జిల్లా పేరు పత్రికకెక్కింది. మా నాన్న పుట్టక ముందు తెలిసిన సంగతి నా కూతురు నోట్లో కూడా కనపడిందంటే ఎవర్ని అనాలి? లీటరుకి ఒక మిల్లీగ్రాము, వేరే నీళ్ళు దొరక్కపోతే ఒకటిన్నర, అంతకు మించి దాటకూడదని రూలు. ఎలక్షన్లప్పుడు వచ్చేవాళ్ళు ట్యాంకర్ల లెక్క చెబుతారు గానీ మిల్లీగ్రాముల లెక్క ఒక్కరూ చెప్పరు.

ఎక్కడికో వెళ్ళిపోయాను. ఆరోజు డాక్టరుగారు ఏం చేశాడంటే, మాటిమాటికీ ఊడుతున్న రెండు పళ్ళకి అతికించడం మానేసి, చుట్టూ స్టీలు రింగు తొడిగి సిమెంటు పెట్టి, క్లిప్పు ఆ రింగు మీద ఉండేలా చేశాడు. "ఇది మీ యాంగిల్ కాలం పద్ధతే" అన్నాడు నవ్వుతూ. ఆ రోజుల్లో పంటికి నేరుగా అతికించే జిగురు లేదు. యాసిడ్ పూయడం 1955 నాటి కిటుకు, క్లిప్పులు అతికించడం ఆ తర్వాత వచ్చింది. అంతకుముందు ప్రతి పంటికీ ఇలా రింగు తొడగాల్సిందే. ఆ రెండూ చివరిదాకా కదల్లేదు.

ఎదురుగా కూర్చుని చూస్తుంటే నాకు తీగ మీద ధ్యాస పోయింది. క్లిప్పుకి మధ్యలో చిన్న గాడి ఉంటుంది, తీగ అందులో కూర్చుంటుంది. ఆ గాడి కొలత ఎంతని అడిగాను. అంగుళంలో వెయ్యికి 22 వంతులు ఒకవైపు, 28 వంతులు ఇంకోవైపు అన్నాడు. నవ్వొచ్చింది. మా షాపులో 24 గేజి రాగి తీగ మందం సరిగ్గా మొదటిది, 22 గేజిది రెండోది! ఈ కొలత కూడా యాంగిల్‌దే. చివరి రోజుల్లో, డెబ్బై ఏళ్ళ వయసులో, 1925 ప్రాంతంలో తయారుచేశాడట, బంగారు తీగ కోసం. బంగారం పోయి స్టీలొచ్చింది, వంచినా మళ్ళీ మొదటి ఆకారానికి వచ్చే నైటినాల్ తీగ వచ్చింది, గాడి మాత్రం చాలాచోట్ల అదే. అందులో కిటుకేమిటంటే, గుండ్రటి తీగ వేస్తే పన్ను ఆ తీగ మీద ఒరుగుతుంది అంతే. గాడికి తగ్గట్టు పలకల తీగ వేసి కాస్త మెలి తిప్పితే అది గాడి గోడల్ని పట్టుకుంటుంది, పంటి వేరు కూడా దాంతోపాటు కదులుతుంది. నొక్కినవైపు ఎముక కరుగుతుంది, వదిలినవైపు కొత్తది పూడుతుంది, నెలకి దాదాపు ఒక మిల్లీమీటరు. స్లాటు, తీగ, పట్టు. నా పనిలో ఉన్నవే ఈ మూడూ. యాంగిల్ డాక్టరవకపోతే మంచి మెకానిక్ అయ్యేవాడు.

2019లో క్లిప్పులు తీసేశారు. కోరపళ్ళు వరసలోకి వచ్చాయి. మూతి మాత్రం కొంచెం ఎత్తే, డాక్టరుగారు ముందే చెప్పినట్టు. మా అక్క చూసి "ఇంతేనా?" అంది. మా అమ్మ చూసి తన కొంగుతో తన నోరు తుడుచుకుని "నాలాగే ఉందిరా" అంది.

మీ అబ్బాయి సంగతికొస్తే, నేనైతే పీకనివ్వను. ఒక్క కేసు చూసి చెబుతున్నావంటారు, అవును, ఒక్కటే చూశాను, అది నా ఇంట్లోదే. పక్కచూపు ఫొటో, దవడ ఎక్స్‌రే ముందు పెట్టించుకుని, పీకకపోతే ఏమవుతుంది, పీకితే ఏమవుతుంది అని రెండూ చెప్పమనండి. చెప్పే ఓపిక లేకపోతే ఇంకో డాక్టరు. పళ్ళు మరీ ముందుకుండి పెదాలు మూతపడకపోతే మాత్రం నా మాట వినొద్దు, అప్పుడు ట్వీడే కరెక్టని మా డాక్టరుగారు గట్టిగా చెప్పాడు. పళ్ళు సరిచేస్తాయని టీవీలో వచ్చే, ఇంట్లోనే పెట్టుకునే ప్లాస్టిక్ ట్రేల ప్రకటనలు చూసి ఆర్డరిస్తే మాత్రం నన్నేమీ అడక్కండి. ఇంకొకటి, మీది మావైపు ఊరైతే అతికించే ముందే గారపళ్ళ సంగతి డాక్టరుకి చెప్పండి. ఊడిందని పిల్లాడి మీద అరవకండి.

మా పాప ఇప్పుడు ఇంజనీరింగు, హాస్టల్లో ఉంటుంది. పళ్ళు వెనక్కి తిరగకుండా రాత్రిళ్ళు పెట్టుకోమని రిటైనర్ ఇచ్చారు. పొద్దున మెస్సులో టిఫిన్ తినేముందు తీసి టిష్యూ కాగితంలో చుట్టి పళ్ళెం పక్కన పెట్టిందట, పళ్ళెంతో పాటు అదీ డస్ట్‌బిన్‌లోకి పోయింది. ఏడాది అవుతోంది, నాకు చెప్పలేదు. మొన్న పండక్కి వచ్చినప్పుడు చూస్తే కింది ముందుపన్ను ఒకటి కొద్దిగా పక్కకి తిరిగి ఉంది. అడిగితే పెద్దగా నవ్వేసింది, చెయ్యి అడ్డం పెట్టకుండానే. వచ్చే శనివారం కొత్తది చేయించడానికి ఒంగోలు వెళుతున్నాం. డాక్టరుగారు ఆ ఫైలు తీసి నా సంతకం చూపిస్తాడని తెలుసు.